ముద్దాయి పక్షాన నిలిచిన ప్రధాని



టొరంటో, మిస్సిసాగా, కాల్గరీ, ఎడ్మంటన్. ఈ ఊళ్ల పేర్లు ఇవాళ మన తెలుగు ఇళ్లలో రోజూ వినబడుతున్నాయి. ఒకరి కొడుకు అక్కడ ఉద్యోగం చేస్తున్నాడు, ఇంకొకరి మనవరాలు అక్కడి యూనివర్సిటీలో చదువుకుంటోంది. 1950లలో ఇది ఊహకందని మాట. అప్పటికే అక్కడ స్థిరపడినవారి దగ్గరి బంధువులను పక్కన పెడితే, మొత్తం భారతదేశం నుంచి ఏడాదికి 150 మందిని మాత్రమే కెనడా రానిచ్చేది. తర్వాత ఆ సంఖ్యను 300 చేశారు. చదువు ఎంత ఉన్నా, చేతిలో ఎంత పనితనం ఉన్నా, ముందు చూసేది పుట్టిన దేశాన్నీ, ఒంటి రంగునూ. 1962 ఫిబ్రవరి 1న కొత్త నిబంధనలు అమల్లోకి వచ్చి ఆ పద్ధతిని చాలావరకు తీసేశాయి. వాటిని తెచ్చింది ఒక కన్జర్వేటివ్ ప్రభుత్వం. ఆ ప్రభుత్వానికి ప్రధాని జాన్ డీఫెన్‌బేకర్. ఆయన జీవితం గురించి ఇవాళ మీతో నాలుగు మాటలు పంచుకుంటాను.

డీఫెన్‌బేకర్ వృత్తిరీత్యా క్రిమినల్ లాయరు. ముద్దాయి తరఫున వకాల్తా పుచ్చుకుని, ఎదుట ఎంతటివాళ్లున్నా నిలబడి వాదించడం ఆయనకు ప్రాణం. ప్రధాని పదవిలోకి వెళ్లాక కూడా ఆయన ఆ నల్లకోటు విప్పలేదు. ఆయన చేసిన మంచి పనులకు మూలం అదే. చివరికి ఆయన ప్రభుత్వం కూలిపోవడానికి ఒక కారణం కూడా అదే. ఆయన కథలో నాకు కనిపించేది ఇదే.

ఆయన 1895 సెప్టెంబరు 18న అంటారియో రాష్ట్రంలో న్యూస్టాట్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. తండ్రి విలియం బడిపంతులు. తండ్రి వైపు వాళ్లది జర్మన్ మూలం, తల్లి మేరీ స్కాట్లండ్ సంతతి. 1903లో కుటుంబం పడమటికి కదిలి, తర్వాత సస్కాచెవాన్ రాష్ట్రంగా ఏర్పడిన ప్రాంతానికి వలస వెళ్లింది. కనుచూపు మేర గడ్డి మైదానం, ఎముకలు కొరికే చలి, ఊరికీ ఊరికీ మధ్య మైళ్ల దూరం. ఆ మైదానాల్లో భూమి దున్నుకోవడానికి వచ్చినవాళ్లలో ఉక్రేనియన్లున్నారు, జర్మన్లున్నారు, స్కాండినేవియన్లున్నారు. తరతరాలుగా ఆ నేల మీద బతుకుతున్న క్రీ తెగవారు, మేటీలు ఉన్నారు. ఆ కుర్రాడు ఇన్ని రకాల మనుషుల మధ్య పెరిగాడు. ముందు వరసలో ఇంగ్లిషు పేర్లవాళ్లు కూర్చుంటారనీ, మిగతావాళ్లు వెనక వరసలో నిలబడాలనీ కూడా ఆ వయసులోనే చూశాడు.

1910లో వాళ్లు సస్కటూన్ పట్నం చేరారు. అక్కడ జాన్ వీధుల్లో వార్తాపత్రికలు అమ్మేవాడు. ఆ ఏడాది జులైలో ప్రధాని విల్‌ఫ్రిడ్ లోరియే కొత్త యూనివర్సిటీకి శంకుస్థాపన చేయడానికి ఆ ఊరు వచ్చారు. రైల్వేస్టేషను దగ్గర ఈ పేపరు కుర్రాడితో ఆయన కాసేపు ముచ్చటించారనీ, చివరికి కుర్రాడే తనకు పని ఉందని చెప్పి వెళ్లిపోయాడనీ చెప్పుకుంటారు. ఆ ఘట్టానికి సస్కటూన్ నడిబొడ్డున కాంస్య విగ్రహం కూడా పెట్టారు. లోరియే శంకుస్థాపన చేసిన ఆ యూనివర్సిటీలోనే జాన్ బి.ఏ., ఎం.ఏ., లా డిగ్రీలు మూడూ చదివారు. మధ్యలో మొదటి ప్రపంచయుద్ధం వస్తే సైన్యంలో లెఫ్టినెంటుగా చేరి ఇంగ్లండు వెళ్లారు. ఆరోగ్యం బాగాలేదని 1917లో తిప్పి పంపేశారు.

1919లో వాకా అనే పల్లెటూళ్లో ప్రాక్టీసు పెట్టారు. క్లయింట్లలో చాలామంది వలస రైతులు. ఇంగ్లిషు సరిగా రాదు, కోర్టు అంటే భయం. అయిదేళ్ల తర్వాత మకాం ప్రిన్స్ ఆల్బర్ట్ పట్నానికి మార్చారు. కోర్టులో ఆయన పేరు మోగిపోతోంది. ఎన్నికల్లో మాత్రం వరసగా ఓటమి. 1925లో పార్లమెంటుకు నిలబడి ఓడిపోయారు. 1926లో అదే ప్రిన్స్ ఆల్బర్ట్‌లో స్వయంగా ప్రధాని మెకంజీ కింగ్ మీద పోటీ చేసి ఓడిపోయారు. 1929లో రాష్ట్ర శాసనసభకు, 1933లో మేయరు పదవికి, 1938లో మళ్లీ శాసనసభకు నిలబడ్డారు. అన్నీ ఓటములే. దేశం కోసం యూనిఫాం వేసుకున్న మనిషిని జర్మన్ ఇంటిపేరు చూపించి శత్రువర్గం వాడన్నట్టు ప్రచారం చేశారు. పేరు మార్చుకోమని సలహా ఇచ్చినవాళ్లూ ఉన్నారు. ఆయన మార్చుకోలేదు. ఎట్టకేలకు 1940లో లేక్ సెంటర్ స్థానం నుంచి పార్లమెంటులో అడుగుపెట్టారు. అప్పటికి ఆయన వయసు 44.

ఇక్కడ ఒక కేసు గురించి కాస్త వివరంగా చెప్పాలి.

1950 నవంబరు 21న బ్రిటిష్ కొలంబియా కొండల్లో, కనూ రివర్ దగ్గర, రెండు రైళ్లు ఎదురెదురుగా ఢీకొన్నాయి. ఒకటి కొరియా యుద్ధానికి సైనికులను తీసుకెళ్తున్న రైలు. 17 మంది సైనికులు, నలుగురు రైలు సిబ్బంది చనిపోయారు. ఆ సైనికుల రైలుకు అందిన ఆర్డరు కాగితంలో ఒక ముక్క లేదు. ఎదురొచ్చే రెండు రైళ్లలో ఒకదాన్ని సీడర్‌సైడ్ దగ్గర, ఇంకొకదాన్ని గాస్నెల్ దగ్గర దాటాలి. కాగితంలో ‘సీడర్‌సైడ్ దగ్గర’ అన్న మాట లేకపోవడంతో, రెండూ గాస్నెల్ దగ్గరే ఎదురవుతాయని సిబ్బంది అనుకున్నారు. ఆ మాట రాయకుండా వదిలేశాడంటూ ఆల్‌ఫ్రెడ్ జాన్ ఆథర్టన్ అనే కుర్ర టెలిగ్రాఫ్ ఆపరేటరు మీద నరహత్య కేసు పెట్టారు. ఇంత పెద్ద ప్రమాదానికి ఆ ఒక్కడినీ బోనెక్కించారు.

అప్పుడు డీఫెన్‌బేకర్ భార్య ఎడ్నా లుకీమియాతో సస్కటూన్ ఆసుపత్రిలో ఉన్నారు. ఆథర్టన్ తరఫువాళ్లు ఆమెను కలిసి గోడు చెప్పుకున్నారు. ఆ కేసు తీసుకోమని ఆమె భర్తను కోరారు. 1951 ఫిబ్రవరిలో ఆమె కన్నుమూశారు. ఆయన బ్రిటిష్ కొలంబియాలో వాదించే అర్హత కోసం 1,500 డాలర్లు ఫీజు కట్టి, అక్కడి బార్ పరీక్షకు వెళ్లి, మే నెలలో ప్రిన్స్ జార్జ్ కోర్టులో నిలబడ్డారు. మంచు పేరుకున్న టెలిగ్రాఫ్ తీగల్లో ఒక్కోసారి మాట మధ్యలో ఆగిపోతుందనీ, ఆపరేటరు పంపిన మాట అవతలి చెవికి చేరకపోయే అవకాశం ఉందనీ వాదించారు. అంతటితో ఆగలేదు. సైనికులను పాత చెక్క పెట్టెల్లో ఎందుకు ఎక్కించారని నిలదీశారు. ఆ ప్రశ్నకు చిరాకుపడిన ప్రాసిక్యూటరు, ఈ కేసులో కొరియా వెళ్తున్న కొద్దిమంది మామూలు సిపాయిల చావుతో తమకు నిమిత్తం లేదనే అర్థం వచ్చేలా ఒక మాట అనేశారు. అభియోగం సిబ్బందిలో ఒకరి మరణానికి సంబంధించిందని ఆయన ఉద్దేశం. కానీ నోరు జారిన మాట జ్యూరీ చెవిలో పడిపోయింది. డీఫెన్‌బేకర్ ఆ మాటను విడిచిపెట్టలేదు. విచారణ పొడవునా గుర్తు చేస్తూనే ఉన్నారు. ఆథర్టన్ నిర్దోషి అని జ్యూరీ తేల్చింది.

దేశమంతా ఆ తీర్పు గురించి చదివింది. పెద్ద సంస్థలు తప్పించుకుంటే చిన్నవాడు బలవుతాడనీ, అలాంటివాడి పక్కన నిలబడే లాయరు ఒకడున్నాడనీ జనానికి తెలిసొచ్చింది.

ఆయన పార్టీ పేరు ప్రోగ్రెసివ్ కన్జర్వేటివ్ పార్టీ. దాని పెత్తనమంతా టొరంటో వ్యాపారవర్గాలది. ఈ మైదానాల లాయరు వాళ్లకు కొరుకుడుపడలేదు. 1942లో, 1948లో నాయకత్వానికి పోటీ చేస్తే ఓడించారు. 1956 డిసెంబరులో మూడోసారి నెగ్గారు. ఆయన కన్జర్వేటివ్ అన్న మాటలో అనుమానం లేదు. రాణి పట్ల భక్తి, పార్లమెంటు సంప్రదాయాల మీద గౌరవం, బ్రిటన్‌తో అనుబంధం, ఇవన్నీ ఆయనకు నరనరానా ఉన్నాయి. అయితే ఆ సంప్రదాయాలు ఇచ్చే రక్షణ అందరికీ సమానంగా అందాలన్నది ఆయన పట్టుదల.

1957 జూన్ 10న ఎన్నికలు జరిగాయి. 22 ఏళ్లుగా పాలిస్తున్న లిబరళ్లు 105 స్థానాలకు పడిపోయారు, కన్జర్వేటివ్‌లు 112 గెలిచారు. లిబరల్ ప్రభుత్వం వృద్ధుల పింఛనును 40 డాలర్ల నుంచి 46కు మాత్రమే పెంచితే, ఆ ఆరు డాలర్ల మీద డీఫెన్‌బేకర్ ఊరూరా ప్రసంగాలు చేశారు. గద్దెనెక్కిన కొద్ది నెలల్లోనే ఆ పింఛనును 55 డాలర్లు చేశారు. ఎలెన్ ఫెయిర్‌క్లో ఆ దేశ ఫెడరల్ మంత్రివర్గంలో తొలి మహిళ అయ్యారు. ఉక్రేనియన్ మూలాలున్న మైకేల్ స్టార్ కూడా మంత్రి అయ్యారు. 1958 మార్చి 31న మళ్లీ ఎన్నికలకు వెళితే 265 స్థానాల్లో 208 ఆయనకు వచ్చాయి. కెనడా అంతకుముందెన్నడూ అంతటి మెజారిటీ చూడలేదు.

ఆ బలంతో ఆయన ఏం చేశారో చూద్దాం.

మొదటిది, ఆదివాసుల ఓటు. 1960 దాకా కెనడాలో ప్రభుత్వ జాబితాలో నమోదైన ఆదివాసులు ఫెడరల్ ఎన్నికల్లో ఓటు వేయాలంటే, చాలామంది తమ ఆదివాసీ హోదానూ, దానితో వచ్చే హక్కులనూ వదులుకోవలసి వచ్చేది. సొంత నేల మీద ఓటు కోసం సొంత గుర్తింపునే ధారపోయాలన్నమాట. 1958లో డీఫెన్‌బేకర్ ఆల్బర్టాకు చెందిన కైనాయ్ తెగ నాయకుడు జేమ్స్ గ్లాడ్‌స్టన్‌ను సెనేట్‌కు నియమించారు. గ్లాడ్‌స్టన్ సెనేట్‌లో అడుగుపెట్టిన నాటికి ఆయన తెగవారికి ఓటు లేదు. 1960లో చట్టం మార్చి, హోదా వదులుకోనక్కర్లేకుండానే ఓటు ఇచ్చారు.

రెండోది, హక్కుల చట్టం. సామాన్య ఎంపీగా ఉన్నప్పటి నుంచి ఆయన పోరుతున్న విషయం అది. 1960 ఆగస్టు 10న కెనడియన్ బిల్ ఆఫ్ రైట్స్ చట్టమైంది. జాతి, పుట్టిన దేశం, రంగు, మతం, స్త్రీపురుష భేదం లేకుండా వాక్స్వాతంత్ర్యం, మతస్వేచ్ఛ, చట్టం ముందు సమానత్వం ఉండాలని అది చెప్పింది. దాని లోపాలూ చెప్పుకోవాలి. అది మామూలు చట్టమే, రాజ్యాంగంలో భాగం కాదు. ఫెడరల్ చట్టాలకే వర్తిస్తుంది, రాష్ట్రాలకు వర్తించదు. కోర్టులు కూడా దాన్ని మొహమాటంగానే వాడాయి. అయినా ఒక కేసులో అది పదునుగా పనిచేసింది. 1967లో యెల్లోనైఫ్ పట్నంలో జోసెఫ్ డ్రైబోన్స్ అనే ఆదివాసి హోటల్లో తాగి కనిపించాడని ఇండియన్ యాక్టు కింద పది డాలర్లు జరిమానా వేశారు. అదే చోట తెల్లవాడైతే, బహిరంగ స్థలంలో తాగి కనిపిస్తేనే నేరం, కనీస జరిమానా అంటూ లేదు. తాగింది ఒకటే, మనిషిని బట్టి శిక్ష మారింది. 1969లో సుప్రీంకోర్టు ఈ హక్కుల చట్టం ఆధారంగానే ఆ నిబంధన చెల్లదని తీర్పిచ్చింది. 1982లో కెనడా రాజ్యాంగంలో చేరిన హక్కుల పత్రానికి దారి వేసింది ఈ పాత చట్టమే.

మూడోది, దక్షిణాఫ్రికా. 1961 మార్చిలో లండన్‌లో కామన్వెల్త్ ప్రధానుల సమావేశం జరిగింది. రిపబ్లిక్‌గా మారుతున్న దక్షిణాఫ్రికా కామన్వెల్త్‌లో కొనసాగడానికి అనుమతి అడిగింది. వర్ణవివక్షను రాజ్యవిధానంగా పెట్టుకున్న ఆ దేశాన్ని ఎలాగోలా ఉంచేయాలని బ్రిటన్ ప్రధాని మాక్‌మిలన్ తాపత్రయపడ్డారు. ఆస్ట్రేలియా ప్రధాని మెంజీస్ కూడా అటే మొగ్గారు. నెహ్రూ, పాకిస్తాన్ నాయకుడు అయూబ్‌ఖాన్, ఘనా నాయకుడు ఎన్‌క్రుమా, మలయా ప్రధాని టుంకు అబ్దుల్ రెహమాన్ ససేమిరా అన్నారు. తెల్లవారి ప్రభుత్వాల్లోంచి ఒక్క డీఫెన్‌బేకర్ వీళ్లతో కలిశారు. జాతుల సమానత్వమే కామన్వెల్త్ పునాది కావాలని పట్టుబట్టారు. దక్షిణాఫ్రికా ప్రధాని వెర్వూర్డ్ తన దరఖాస్తు వెనక్కి తీసుకున్నారు. బ్రిటన్ అంటే అంత అభిమానం ఉన్న మనిషి ఆ రోజు బ్రిటన్ మాట కాదన్నారు. ఆయన పక్కన లేకపోతే అది నల్లవారికీ తెల్లవారికీ మధ్య చీలికగా మారిపోయేది.

నాలుగోది, మొదట్లో చెప్పిన వలస నిబంధనలు. అప్పటికి ఆ శాఖ మంత్రి ఎలెన్ ఫెయిర్‌క్లో. పుట్టిన దేశమేదైనా, చదువు, నైపుణ్యం ఉన్నవాళ్లు సొంత అర్హత మీద కెనడా రావచ్చని ఆ నిబంధనలు చెప్పాయి. దూరపు బంధువులను రప్పించుకునే విషయంలో యూరప్ వారికి ఉన్న వెసులుబాటు మనవారికి ఇంకా దక్కలేదు. 1967లో, డీఫెన్‌బేకర్ తర్వాత వచ్చిన లిబరల్ ప్రధాని పియర్సన్ ప్రభుత్వం పాయింట్ల పద్ధతి తెచ్చాక ఆ తేడా కూడా పోయింది. 1914లో కోమగాటా మారు ఓడలో వచ్చిన వందలాది భారతీయులను వాంకూవర్ రేవు నుంచి వెనక్కి పంపిన దేశం అది. అక్కడ ఇంజినీరింగ్ పట్టా చేతబట్టుకుని తలెత్తుకుని దిగే అవకాశం ఈ రెండు మెట్ల మీదుగానే వచ్చింది.

ఇంత చేసిన మనిషి అయిదేళ్లలో ఎలా పడిపోయాడు? 208 స్థానాలు 1962 జూన్‌లో 116కు దిగాయి. 1963 ఏప్రిల్‌లో అధికారమే పోయింది.

లాయరు కేసు గెలవాలంటే ఎదుటివాణ్ని అనుమానించాలి. ఒంటరిగా నిలబడాలి, ఆఖరి క్షణం దాకా గుట్టు విప్పకూడదు. ప్రధానికి కావలసినవి వేరు. మంత్రులను నమ్మాలి, సమయానికి నిర్ణయం చెప్పాలి, చెప్పాక దానికి బాధ్యత వహించాలి. డీఫెన్‌బేకర్‌కు ఇవి అలవడలేదు. 1959 ఫిబ్రవరి 20న ఆవ్రో ఆరో అనే యుద్ధవిమానం పథకాన్ని రద్దు చేశారు. ఖర్చు తడిసి మోపెడవుతోందన్నది నిజం. కానీ ఆ ప్రకటన వెలువడిన రోజే టొరంటో శివార్లలోని ఫ్యాక్టరీలో దాదాపు 14,000 మంది ఉద్యోగాలు పోయాయి. తయారైన విమానాలను ముక్కలు చేశారు. ఆ గాయాన్ని కెనడా ఇప్పటికీ తలుచుకుంటుంది. దానికి బదులుగా అమెరికా నుంచి బోమార్క్ క్షిపణులు తీసుకున్నారు. వాటికి అణు వార్‌హెడ్లు ఉంటేనే ప్రయోజనం. విదేశాంగ మంత్రి హోవర్డ్ గ్రీన్ అణ్వాయుధాలు వద్దన్నారు. రక్షణ మంత్రి డగ్లస్ హార్క్‌నెస్ కావాలన్నారు. ప్రధాని ఎటూ తేల్చకుండా నెలలు గడిపారు. 1962 అక్టోబరులో క్యూబా క్షిపణుల సంక్షోభం వచ్చినప్పుడు సైన్యాన్ని అప్రమత్తం చేయడంలో జాప్యం చేశారు. అప్పటికే అమెరికా అధ్యక్షుడు కెనడీతో ఆయనకు సరిపడదు. 1963 ఫిబ్రవరిలో హార్క్‌నెస్ రాజీనామా చేశారు. ఆ వెంటనే ప్రభుత్వం సభలో ఓడిపోయింది.

ఫ్రెంచి మాట్లాడే క్విబెక్ రాష్ట్రం విషయం ఇంకా లోతైనది. తొలి ఫ్రెంచి కెనడియన్ గవర్నర్ జనరల్‌గా జార్జ్ వానియేను సిఫారసు చేసింది డీఫెన్‌బేకరే. పార్లమెంటులో రెండు భాషల మధ్య తక్షణ అనువాదం మొదలైంది ఆయన హయాంలోనే. 1958లో క్విబెక్ ఆయనకు 50 స్థానాలు ఇచ్చింది. కానీ ఫ్రెంచివారు కోరింది తాము వేరే జాతి అన్న గుర్తింపు. ఆయన నమ్మింది ఒకే కెనడా, ఒకే రకం పౌరుడు. జర్మన్ పేరు వల్ల దెబ్బలు తిన్న మనిషికి ఆ నమ్మకం ఎంత సహజమో అర్థమవుతుంది. అందరినీ సమానంగా చూస్తే చాలు, అన్యాయం దానంతటదే పోతుందని ఆయన అనుకున్నారు. తన భాష తన బడిలో, తన ఆఫీసులో బతకాలని కోరేవాడికి ఆ సమానత్వం సరిపోదు. భాష పేరుతో రాష్ట్రం తెచ్చుకున్న మన తెలుగువాళ్లకు క్విబెక్ బాధ ఇట్టే తెలుస్తుంది. ఆయనకు అది చివరి దాకా తెలియలేదు. 1962లో అక్కడ ఆయనకు దక్కింది 14 స్థానాలు.

ప్రతిపక్షంలో కూడా పోరు ఆపలేదు. దేశానికి కొత్తగా తలపెట్టిన మేపుల్ ఆకు జెండాను 1964 అంతా ఎదిరించారు, ఓడిపోయారు. 1967లో సొంత పార్టీయే ఆయనను నాయకత్వం నుంచి దించి రాబర్ట్ స్టాన్‌ఫీల్డ్‌ను ఎన్నుకుంది. అయినా ప్రిన్స్ ఆల్బర్ట్ జనం మాత్రం ఆయన చెయ్యి వదల్లేదు. 1979 మేలో 83 ఏళ్ల వయసులో పదమూడోసారి ఎంపీగా గెలిపించారు. ఆ ఆగస్టు 16న ఆయన కన్నుమూశారు. ఆయన ముందే నిర్ణయించుకున్నట్టు, శవపేటికను రైల్లో ఒట్టావా నుంచి సస్కాచెవాన్‌కు తీసుకెళ్లారు. దారి పొడవునా జనం స్టేషన్లలో నిలబడ్డారు. తాను చదువుకున్న యూనివర్సిటీ ఆవరణలో, రెండో భార్య ఆలివ్ పక్కన ఆయనను ఖననం చేశారు. సస్కాచెవాన్‌లో ఆయన పేరుతో 225 కిలోమీటర్ల పొడవున ఒక జలాశయం ఉంది. దాని ఆనకట్టకు ఆయన రాజకీయ ప్రత్యర్థి, లిబరల్ నాయకుడు గార్డినర్ పేరు పెట్టారు.

నా చివరి మాట ఇది. డీఫెన్‌బేకర్ ఎవరి కోసం నిలబడ్డారో ఒక్కసారి వరసగా గుర్తు చేసుకోండి. కెనడా ఆదివాసుల్లో చాలామందికి ఆ రోజు ఓటు లేదు. దక్షిణాఫ్రికా నల్లవారు ఆయన నియోజకవర్గంలో లేరు. కెనడాకు రావాలని ఎదురుచూస్తున్న భారతీయులు ఆయనకు ఒక్క ఓటు కూడా వేయలేరు. వీళ్లలో ఎవరినీ కాదన్నా ఆయనకు ఒక్క సీటు తగ్గేది కాదు. అయినా వాళ్ల తరఫున వకాల్తా పుచ్చుకున్నారు. ఓటున్నవాడికి మేలు చేయడం ఏ నాయకుడైనా చేసేదే. ఆవ్రో కార్మికుల విషయంలో, క్విబెక్ విషయంలో ఆయన చేసిన తప్పులను చరిత్ర మాఫీ చేయనక్కర్లేదు. కానీ మనం ఎన్నికలప్పుడు నాయకులను బేరీజు వేసుకునేటప్పుడు, పార్టీ రంగుతో పాటు ఈ ప్రశ్న కూడా వేయాలి: తనకు ఓటు వేయలేని మనిషి కోసం ఈయన ఎప్పుడైనా నిలబడ్డాడా? ఆ ప్రశ్నకు డీఫెన్‌బేకర్ జీవితం గట్టి జవాబే ఇస్తుంది. మన నాయకులను కూడా ఆ జవాబు అడిగే హక్కు మనకుంది.